రోడ్డు మీద లేని కుక్క

కోర్టు నోటీసు వచ్చిన రోజు పోస్ట్‌మ్యాన్ మా గేటు దగ్గర నిలబడి కవరు మీది పేర్లు రెండుసార్లు చదువుకున్నాడు. బీరంగూడలో మా వీధికి చాలా ఏళ్ళుగా ఉత్తరాలు తెస్తున్న మనిషి. ఏ ఇంట్లో ఎవరుంటారో ఆయనకి తెలుసు. కేసు వేసింది మా ఆవిడ. ఒకటో ప్రతివాదిని నేను. రెండో ప్రతివాది నా కారుకి ఇన్సూరెన్స్ చేసిన కంపెనీ.

“ఏంది సార్, మేడమ్ మీ మీద కేసేసిందా? ఇద్దరిదీ డోర్ నంబర్ ఒక్కటే ఉన్నది మరి,” అన్నాడు.

“కాపురం కూడా ఒకటేనయ్యా,” అని సంతకం పెట్టాను.

లోపల్నుంచి మా ఆవిడ, “ఎండల వచ్చిండు, మంచినీళ్ళు ఇయ్యుండ్రి,” అంది. ఆయన నీళ్ళు తాగి, నా వైపూ తలుపు వైపూ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడగకుండా బండెక్కాడు.

ఆ పూట మేమిద్దరం ఆ కాగితాలు ముందేసుకుని చాలాసేపు నవ్వుకున్నాం. అతివేగంగా, అజాగ్రత్తగా, మనుషుల ప్రాణాలకి ముప్పు వచ్చేలా కారు నడిపాడని నా గురించి ఇంగ్లీషులో రాసి ఉంది. మా ఆవిడ దాన్ని తెలుగులోకి తిప్పి చదివి, “వకీలు సారు మిమ్మల్ని పెద్ద రౌడీని చేసిండు,” అంటూ నా భుజం మీద తట్టింది. కుడిచేత్తో తట్టింది. ఎడమచేతి మణికట్టు అప్పటికి పైకి లేవడం మానేసి నెలలైంది.

కారులో కూర్చున్న మనిషికి దెబ్బ తగిలితే, నడిపినవాడి తప్పు ఉందని తేలితేనే ఇన్సూరెన్స్ కంపెనీ పరిహారం ఇస్తుంది. నడిపినవాడు మొగుడైతే మొగుడి మీదే కేసు వేయాలి. అందుకని వకీలు అలా రాశాడనీ, అది డబ్బు కోసం రాసిన మాటేననీ మా ఆవిడ అనుకుంది. నా అజాగ్రత్త మాత్రం అక్షరాలా నిజమని ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. తెలిసే ఆమెతో కలిసి నవ్వాను.

మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా, నాకు మాత్రం మా అమ్మ యాసే వచ్చింది. మా ఆవిడది సదాశివపేట. పెళ్ళైన కొత్తలో ఆమె ‘జల్ది రాండ్రి’ అంటే మా అమ్మ ఉలిక్కిపడేది. తర్వాత ఆ కోడలు లేకపోతే మా అమ్మకి పూట గడిచేది కాదు. షుగర్ పరీక్షకి రక్తం ఇవ్వాలంటే కోడలే తీయాలి, ఇంకొకరిని దగ్గరికి రానిచ్చేది కాదు.

అది మా ఆవిడ పని. పటాన్‌చెరులో ఒక చిన్న ల్యాబులో రక్తం తీసేది. ఆమెది ఎడమచేతి వాటం. కుడిచేతి వేళ్ళతో మోచేతి మడత దగ్గర నెమ్మదిగా తడిమి, నరం ఎక్కడుందో కనిపెట్టి, ఎడమచేత్తో సూది పెట్టేది. పాశమైలారం కంపెనీల్లో చేరే ముందు మెడికల్ పరీక్షల కోసం బీహార్ వాళ్ళూ ఒడిశా వాళ్ళూ గుంపులుగా ల్యాబుకి వచ్చేవాళ్ళు. బాయిలర్ల దగ్గర, కొలుముల దగ్గర పనిచేసి వచ్చిన మొండి మనుషులు కూడా సూది చూస్తే మొహం తిప్పుకునే వాళ్ళు. అయిపోయిందని ఆమె చెబితే, “హో గయా?” అని ఆశ్చర్యపోయేవాళ్ళు. నేను చాలాసార్లు ఆమెని తీసుకురావడానికి వెళ్ళి బెంచీ మీద కూర్చుని అది చూశాను. గర్వంగా ఉండేది. ఆ సంగతి ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా ఏం లాభం.

నా పని పాశమైలారంలోనే, ఒక మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. హెల్మెట్ లేదని, గ్లోవ్స్ లేవని అరుస్తూ తిరగడం. ఎవరికైనా దెబ్బ తగిలితే రిపోర్టు రాయడం. ఆ రిపోర్టులో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. నేను అందులో ఎక్కువసార్లు రాసింది ‘కార్మికుడి నిర్లక్ష్యం’. ఒకసారి ఒడిశా నుంచి వచ్చిన లోడింగ్ మనిషి కాలి మీద డ్రమ్ము పడింది. ఏమైందిరా అని అడిగితే, “సాబ్, మేరా ధ్యాన్ నహీఁ థా,” అన్నాడు. ధ్యాస అటు లేదని తనే ఒప్పుకున్నాడు. నేను అదే రాసుకుని, నా పని సులువైనందుకు సంతోషించాను. ఆ మాట చెప్పడానికి ఎంత గుండె కావాలో అప్పుడు నాకు తట్టలేదు.

ప్రమాదం జరిగింది ఒక శనివారం పొద్దున. మా అత్తగారిని చూడటానికి సదాశివపేట బయల్దేరాం. మా ఆవిడ అప్పటికే తెల్లవారకముందు లేచి, కాలనీలో నలుగురి ఇళ్ళకి వెళ్ళి పరగడుపు రక్తం తీసి, ల్యాబులో ఇచ్చి వచ్చింది. కారెక్కి, “జెర కండ్లు మూస్త, సంగారెడ్డి వచ్చినంక లేపుండ్రి,” అని తల అద్దానికి ఆనించి నిద్రపోయింది. ఎడమచెయ్యి తలుపు మీద ఉంది.

ఇస్నాపూర్ దాటుతుండగా నా ఫోన్ మోగడం మొదలుపెట్టింది. కాల్ కాదు, మా ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపు. ఏడాది పొడుగునా మా ప్లాంటులో పని ఆగేంత ప్రమాదం ఒక్కటీ జరగలేదని ముందు రోజు నాకు శాలువా కప్పారు. ఆ ఫోటోలు ఎవరో పెట్టారు. కింద వరసగా అభినందనలు. నేను ఫోన్ తీశాను. ఒక ఫోటోలో నా కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. ఇంకోటి బాగా వచ్చిందేమోనని వేలితో జరిపాను. బాగానే వచ్చింది. పెద్దది చేసి చూశాను.

తల ఎత్తేసరికి కారు ఎడమ పక్కకి జరిగిపోయి, బోర్డు నిలబెట్టిన ఇనుప స్తంభం ఎదురుగా ఉంది.

నాకు పెదవి చిట్లింది, అంతే. తలుపు లోపలికి నలిగి మా ఆవిడ మోచేయి పైన ఎముక విరిగింది. ఎముకతో పాటు నరం నలిగింది. ఎదురుగా ఉన్న టీ కొట్టు వాళ్ళు తలుపు లాగి ఆమెని దించారు. ఆమె కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, “మీకేం కాలేదు గదా?”

ఆసుపత్రి వరండాలోకి కానిస్టేబుల్ వచ్చి నా మాట రాసుకున్నాడు. మంచివాడు, నా చొక్కా మీది రక్తం చూసి జాలిపడ్డాడు. “ఎట్లైంది సార్? ఏమన్న అడ్డమొచ్చిందా? కుక్కనా, బర్రెనా?” అన్నాడు. ఆయన అలా అడక్కపోతే నేనేం చెప్పేవాడినో తెలియదు. నెపం ఆయన మీద తోయడం లేదు. తోసినా నిలవదు. రెండింట్లో కుక్క చిన్నదని అనిపించింది. “కుక్క,” అన్నాను. ఆయన రాసుకున్నాడు. శాలువా కప్పించుకున్న మర్నాడే సేఫ్టీ ఆఫీసరు ఫోన్ చూస్తూ పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టాడని ప్లాంటులో అనుకుంటారే అన్నది ఆ క్షణంలో నా బాధ. ఆమె లోపల ఎక్స్‌రే బల్ల మీద ఉండగా నేను ఆలోచించింది నా పరువు గురించి. సిగ్గుగా ఉంది, అయినా అదే జరిగింది.

ఆపరేషన్ చేసి ఎముకకి ప్లేటు వేశారు. నరం దానంతట అదే కోలుకోవచ్చని చూద్దామన్నారు. మూడు వారాలకి ఇంటికి వచ్చాం.

మా క్రైస్తవ సంఘాల్లో ఒక ఆనవాయితీ ఉంది. ప్రాణగండం తప్పితే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. పాస్టరు గారు వస్తారు, సంఘం వాళ్ళు వస్తారు, పాటలు పాడి ప్రార్థన చేశాక గండం తప్పినవాళ్ళు లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. ఆ తర్వాత భోజనాలు. నేను వద్దన్నాను. “అట్లెట్ల వద్దంటరు? ప్రాణాలతోని ఉన్నం గదా,” అని మా ఆవిడే పట్టుబట్టింది. టెంట్ హౌస్ నుంచి కుర్చీలు తెప్పించాం. వీధిలో షామియానా వేశారు.

ముందు ఆమె లేచింది. చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. “నేనైతే నిద్రల ఉన్న. నాకేం తెల్వదు. మూగజీవి అడ్డమొస్తె మా సారు దాన్ని తప్పియ్యబోయిండ్రు. దేవుడు ముగ్గుర్నీ కాపాడిండు, మా ఇద్దర్నీ, ఆ కుక్కనూ,” అంది. అందరూ ఆమెన్ అన్నారు. తర్వాత నన్ను లేపారు. ఆసుపత్రిలో నా కుక్కకి రంగు లేదు, వయసు లేదు. నలభై మంది ముందు నిలబడేసరికి దానికి గోధుమ రంగు వచ్చింది. వెనకాల ఒక పిల్ల కూడా వచ్చింది. నేను బ్రేకు ఎలా తొక్కిందీ, స్టీరింగు ఎలా తిప్పిందీ చేతులు తిప్పి చూపించాను. ముందు వరసలో ఒక పెద్దావిడ, “కుక్కపిల్లకి ఏం కాలేదు గదా నాయనా?” అని అడిగింది. “ఏం కాలేదమ్మా,” అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని హల్లెలూయ అంది.

ఆ రోజుతో ఆ కుక్క నా మెడకి చుట్టుకుంది. పోలీసు కాగితంలో మాట ఎలాగోలా దిద్దుకోవచ్చు. పాస్టరు గారి ముందు, దేవుడి పేరు ఎత్తి, అన్నాలు పెట్టి చెప్పిన మాట ఎలా దిద్దుకుంటారు?

నెలలు గడిచాయి, నరం కోలుకోలేదు. మా ఆవిడ చెయ్యి ముందుకి చాపితే మణికట్టు కిందికి వాలిపోయేది. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. ల్యాబు వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి మానమనలేదు, బల్ల దగ్గర కూర్చుని కుడిచేత్తో పేర్లు రాసుకునే పని ఇచ్చారు. ఒకటో తరగతి పిల్లలా అక్షరాలు దిద్దుకుంటూ రాసేది. అప్పట్లో మొహం తిప్పుకున్న పాత మనుషులు వచ్చి, పోల్చుకోలేక, “మేడమ్ కో బులావ్, సూయీ మేడమ్ కో,” అని, సూది మేడమ్‌ని పిలవమని ఆమెనే అడిగేవాళ్ళు. ఆమె తలెత్తి, “మేడమ్ ఛుట్టీ పే హై,” అని, సెలవులో ఉందని చెప్పేది. ఈ సంగతి ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. నేను లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

రెండో ఆపరేషన్ ఒకటి ఉందని డాక్టరు చెప్పాడు. చేతిలో బాగున్న చోటి నుంచి స్నాయువులు మార్చి కడితే మణికట్టు మళ్ళీ లేవొచ్చు, వేళ్ళకి పట్టు రావొచ్చు. మొదటి ఆపరేషన్‌కే చేతిలో ఉన్నదంతా అయిపోయింది. ఇల్లు లోన్‌లో ఉంది. అప్పుడే మా తోడల్లుడు క్లెయిము సంగతి ఎత్తాడు, సంగారెడ్డి కోర్టు ఎదురుగా ఉండే వకీలు దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళాడు. ఆ పరిహారం వస్తే ఆపరేషన్, ఆపరేషన్ అయితే మళ్ళీ సూది. మా ఆవిడ లెక్క అంతే.

వకీలు కాగితాలు తిరగేసి మొహం చిట్లించాడు. “అమ్మా, గీ కుక్కతోనే పరేషాన్ ఉన్నది. కుక్కొచ్చింది, సారు తప్పు లేదంటే కంపెనీ ఒక్క పైసా ఇయ్యదు. మనం సారు స్పీడుగ పోయిండనే రాస్తం. మీరు బోన్ల గదే చెప్పాలె. మెల్లగ పోండ్రి అని నేను మొత్తుకున్న, ఇనలే అని చెప్పాలె.”

“నేను నిద్రల ఉన్న గదా సార్, మొత్తుకున్న అని ఎట్ల చెప్పాలె?” అంది మా ఆవిడ.

“అందరు గట్లనే చెప్తరమ్మా.” తర్వాత నా వైపు తిరిగి, “సార్, మీరైతే కోర్టుల కనవడొద్దు. భార్యాభర్తలు మిలాఖత్ అయ్యిండ్రంటరు,” అన్నాడు.

లోక్ అదాలత్‌లో రాజీ అవుతుందేమోనని వకీలు ప్రయత్నించాడు. కంపెనీ వాళ్ళు ఒప్పుకోలేదు. పోలీసు రికార్డులో కుక్క ఉంది కదా, వాళ్ళకెందుకు తొందర. దాంతో కేసు పూర్తిగా నడవాల్సి వచ్చింది. వాయిదా ఉన్న రోజుల్లో ఇద్దరం ఒకే బస్సులో సంగారెడ్డి వెళ్ళేవాళ్ళం. కోర్టు గేటు రాగానే విడిపోయేవాళ్ళం. ఆమె లోపలికి, నేను ఎదురుగా ఉన్న టీ కొట్టుకి. మధ్యాహ్నం అదే కొట్టు వెనక ఒకే డబ్బాలోంచి పెరుగన్నం తినేవాళ్ళం. ప్రతివాదికి ఆవకాయ ఎక్కువ వేయనా అని ఆమె ఆటపట్టించేది.

ఆమె సాక్ష్యం రోజు వచ్చింది. పొద్దున తొమ్మిదింటికి బీరంగూడ కమాను దగ్గర బస్సు కోసం నిలబడ్డాం. ఆమె సంచిలోని కాగితాలు ఒకసారి చూసుకుంది. తర్వాత అడిగింది.

“ఒక్క మాట అడుగుత, కోపం చేస్కోవద్దు. ఆ దినం మీరు నిజంగ స్పీడుగ పోయిండ్రా? గట్లుంటే చెప్పుండ్రి. నిజమే అయితే బోన్ల ధైర్యంగ చెప్త. నాకేం బాధ లేదు. వకీలు చెప్పమన్నడని చెప్పాల్నంటే మాత్రం నా నోరు లేవదు.”

ఇంతకంటే సులువుగా నన్నెవరూ ఎప్పుడూ ఏదీ అడగలేదు. తిట్టనని ముందే మాటిచ్చింది. తప్పు నాదేనంటే చాలు. ఆమె లోపలికి వెళ్ళి నిజం చెప్పేది, కేసు నిలబడేది, చెయ్యి బాగుపడేది. నేను రోడ్డు వైపు చూస్తూ, “లేదు. కుక్కే వచ్చింది. నీకెన్నిసార్లు చెప్పాలి?” అన్నాను. పైగా విసుక్కున్నాను కూడా. ఆమె తలూపింది. “సరే, మంచిది,” అంది. ఏదో బరువు దిగినట్టు మొహం తేటపడింది. బస్సు వచ్చింది.

వకీలు వద్దన్నా ఆ రోజు నేను టీ కొట్టు దగ్గర ఉండలేకపోయాను. కోర్టు హాలు వరండాలో, కిటికీ పక్కన జనంలో నిలబడ్డాను. ఆమె బోనెక్కింది. దైవసాక్షిగా అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. ఆమె ఆ మాటలు ఒక్కొక్కటే ఒత్తి పలికింది.

కంపెనీ వకీలు వయసు మళ్ళిన మనిషి. గొంతు కూడా పెంచలేదు. “అమ్మా, మీ ఆయన ఎంత స్పీడులో నడిపారు?” అని అడిగాడు.

“తెల్వదు సార్. నేను నిద్రల ఉన్న.”

“మరి నిర్లక్ష్యంగా నడిపారని అఫిడవిట్‌లో ఎలా చెప్పారు?”

“వకీలు సారు రాసిండ్రు. నేను సంతకం పెట్టిన.”

మా వకీలు లేచి ఏదో అనబోతే జడ్జిగారు కూర్చోమన్నారు. కంపెనీ వకీలు ఇంకా నెమ్మదిగా, “మీకు తెలిసినంత వరకు మీ ఆయన తప్పు ఏమైనా ఉందా అమ్మా?” అన్నాడు.

“లేదు సార్. ఆయన తప్పు అస్సలుకే లేదు. కుక్క అడ్డమొచ్చింది. ఆయన మంచిగ నడుపుతరు. ఫ్యాక్టరీల అందరికి జాగ్రత్తలు చెప్పేదే ఆయన.”

“థాంక్యూ అమ్మా,” అని ఆయన కూర్చున్నాడు.

నేను కిటికీ ఊచలు పట్టుకుని ఉన్నాను. లోపలికి వెళ్ళి, అయ్యా ఆమెకి తెలియదు, తప్పు నాదే, ఫోన్ చూస్తున్నానని అరవొచ్చు. నాకూ వాళ్ళకీ మధ్య పది అడుగులు కూడా లేవు. అరవలేదు. ఆమె బోను దిగి బయటికొచ్చి, నన్ను చూసి, వకీలు మాట మరిచిపోయి నా చెయ్యి పట్టుకుంది. “నాతోని కాలేదు. ఉన్నదే చెప్పిన. కోపమొచ్చిందా?” అంది. రాలేదన్నాను.

తీర్పు రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఒక్కరోజు వకీలు దగ్గరికి వెళ్ళినా సరిపోయేది. రోజూ రేపు అనుకునేవాడిని. పిటిషన్ కొట్టేశారు. వాది స్వయంగా చెప్పిన మాటల ప్రకారమే నడిపినవాడి తప్పు రుజువు కాలేదని రాశారు. తప్పు పట్టడానికి ఏమీ లేదు, వాళ్ళ ముందున్న కాగితాల మీద ఎవరైనా అదే రాస్తారు.

సంగారెడ్డి బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. ఆమె బత్తాయి కొని, కాయని ఒళ్ళో అదిమిపెట్టి కుడిచేత్తో తొక్క తీస్తోంది. నేను దిగులుగా ఉన్నానని నన్నే ఓదార్చడం మొదలుపెట్టింది. “పోనియ్యుండ్రి. కుక్కొస్తె మీరేం జేస్తరు? మీరు ఊకె మనసు పాడు చేస్కోకుండ్రి. కుడిచేత్తోని నేర్చుకుంట,” అంటూ సగం కాయ నా చేతిలో పెట్టింది.

అప్పుడు చెప్పాను. ధైర్యం వచ్చి చెప్పలేదు, ఇక ఆ ఓదార్పు భరించలేక చెప్పాను. “కుక్క లేదు. ఏదీ రాలేదు. నేను ఫోన్ చూస్తున్నాను.”

ఆమె తొన వలవడం ఆపింది. మా బస్సు వచ్చింది, జనం ఎక్కారు, వెళ్ళిపోయింది. ఇంకోటి వచ్చి నిలబడింది.

“ఫోన్ల ఏం చూసిండ్రు?”

“నా ఫోటో. శాలువా కప్పింది.”

ఆమె నా మొహంలోకి అలాగే చూసింది. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ లేవు. “బస్సు కాడ అడిగిన గదా,” అంది. “నేనడిగిన గదా మిమ్మల్ని.”

“అడిగావు.”

“చెయ్యి పోతే పోయింది. అది దెబ్బ. ఎవరికన్న తగుల్తది. కూడికల లేచి చెప్పిన, సరే, తెల్వక చెప్పిన. కోర్టుల దేవుని పేరు మీద ప్రమాణం చేసిన. అబద్ధం చెప్పొద్దనే వకీలు చెప్పిన మాటలు చెప్పలేదు. వకీలు చెప్పిందే నిజమాయె. అబద్ధం మీరు నాతోని చెప్పిచ్చిండ్రు.”

నేను వకీలుకి ఫోన్ చేస్తానన్నాను, ఇప్పుడే నిజం చెబుతానన్నాను. ఆమె చూస్తుండగానే చేశాను. అవతల ఆయన అంతా విని పెద్దగా నిట్టూర్చాడు. “సార్, ఇప్పుడు హైకోర్టుకు పోయి గిది చెప్తే పెండ్లాం కోసం మాట మార్చిండంటరు. అబద్ధం చెప్పినప్పుడు అందరు నమ్మిండ్రు. గిప్పుడు నిజం చెప్తే ఎవరు నమ్ముతరు?” అన్నాడు. స్పీకరులో పెట్టాను కాబట్టి ఆమె కూడా విన్నది. లేచి వెళ్ళి బస్సెక్కింది. ఆడవాళ్ళ వైపు కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. కండక్టరు ఆమెకి ఉచిత టికెట్టు ఇచ్చి, నా దగ్గరికి వచ్చి, “ఎంతమంది సార్?” అన్నాడు. ఒక్కడినే అని చెప్పాను.

ఆ వారం ఇంట్లో మాటలు ఆగిపోలేదు. ఉప్పు అయిపోయింది, గ్యాస్ బుక్ చేయండి, అలాంటివి నడిచాయి. నేను పీఎఫ్‌లోంచి లోన్‌కి పెట్టాను, ఆపరేషన్ చేయిద్దామన్నాను. ఆమె చూద్దామంది. క్షమించమని కూడా అడిగాను. ఆమె ఆ మాట విని, గ్యాస్ బుక్ చేశారా అని అడిగింది. మర్నాడు నేను ఫ్యాక్టరీకి వెళ్ళి, ప్రమాదం నా తప్పు వల్లే జరిగిందని మేనేజరుకి చెప్పాను. ఆయన నా వైపు జాలిగా చూసి, ఇంట్లో ఏదో గొడవయిందని అనుకున్నట్టున్నాడు, రెండు రోజులు లీవు తీసుకోమన్నాడు.

ఆదివారం వచ్చింది. నెలలో మొదటి ఆదివారం, ప్రభు బల్ల. మా గుడిలో ఆ రోజు పాస్టరు గారు ఒక్కొక్క వరసనే పిలుస్తారు. వెళ్ళి మోకరించి రొట్టె ముక్క, ద్రాక్షరసం తీసుకుని రావాలి. మనసులో పాపం పెట్టుకుని తీసుకోకూడదని ప్రతిసారీ ముందే హెచ్చరిస్తారు. అలాంటిదేమైనా ఉన్నవాళ్ళు తమకి తాముగా ఆగిపోతారు. చూసినవాళ్ళు ఎందుకని అడగరు. ప్రమాదం తర్వాత ఒకటిన్నర ఏడాది పాటు, నెలనెలా, నేను ఆ వరసలో నడిచి వెళ్ళి తీసుకుంటూనే ఉన్నాను. చేతులు వణికినట్టు కూడా గుర్తు లేదు.

మా వరస వంతు వచ్చింది. అటూ ఇటూ ఉన్నవాళ్ళు లేచారు. మా ఆవిడ లేవలేదు. ఎడమచెయ్యి కొంగు కింద దాచుకుని తల వంచుకుని కూర్చుంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె బల్ల మానేయడం నేను చూడలేదు. జనం మా మోకాళ్ళ ముందు నుంచి పక్కకి జరుగుతూ వెళుతున్నారు, కొందరు వెనక్కి తిరిగి చూస్తున్నారు.

నేను వంగి మెల్లగా, “నువ్వు తెలియక చెప్పావు. నీకు పాపం లేదు. నువ్వు వెళ్ళు, ఆగాల్సింది నేను,” అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. గొంతులో కోపం కూడా లేదు.

“నాతోని కాదు. మీరే పోండ్రి,” అంది. “మీకు అలవాటే గదా.”